టీవీ, ఫోన్, స్పీకర్‌తో చిన్న తరగతులకు ఇంగ్లీష్ మాటలు నేర్పడం: సమగ్ర మార్గదర్శి

"టీవీలో వీడియోలు వేస్తున్నాం, పిల్లలు కళ్లార్పకుండా చూస్తున్నారు. మర్నాడు ఒక్క మాట అడిగితే మాత్రం నోరు విప్పరు. ఎక్కడ తేడా వస్తోంది?" చుట్టుపక్కల బడుల టీచర్లంతా కలిసే కాంప్లెక్స్ మీటింగుల్లో ప్రాథమిక తరగతుల టీచర్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్న ఇది.

తేడా వీడియోలో లేదు, వాడే వరుసలో ఉంది. తెర పని మాటను చూపించి, వినిపించి పక్కకు తప్పుకోవడం వరకే. ఆ తర్వాత పని చేయాల్సింది పిల్లల చేతులు, నోళ్లు. 40 నిమిషాల పీరియడ్‌లో తెర వెలిగి ఉండాల్సింది పదిహేను, పదహారు నిమిషాలే. మిగతా సమయం ఎలా గడపాలన్నదే అసలు విషయం.

2, 3 తరగతులను దృష్టిలో పెట్టుకుని ఇది రాస్తున్నాను. ఉదాహరణకు వంటింటి పనుల మాటలు ఆరు తీసుకుందాం: వాష్, పీల్, కట్, పోర్, స్టర్, సర్వ్. ఇక్కడ తెలుగు లిపిలో రాసినా, పిల్లలకు చూపేటప్పుడు మాత్రం ఇంగ్లీష్ అక్షరాల్లోనే చూపాలి.

## 1. చేతిలో ఏముందో చూసుకోండి

ఆంధ్రప్రదేశ్‌లో బడుల బాగుకు చేపట్టిన నాడు-నేడు పథకం కింద చాలా ప్రాథమిక బడులకు స్మార్ట్ టీవీలు, పై తరగతులకు ఇంటరాక్టివ్ ఫ్లాట్ ప్యానెళ్లు (వేలితో తాకితే పనిచేసే పెద్ద తెరలు) వచ్చాయి. తెలంగాణలో 2022-23 నుంచి ప్రభుత్వ బడుల్లో ఇంగ్లీష్ మీడియం మొదలైంది. అయినా రెండు చోట్లా టీచర్ ఫోన్ తప్ప మరో దిక్కులేని బడులు చాలానే ఉన్నాయి. ఫోన్ ఒక్కటే ఉన్నా ఈ పద్ధతి నడుస్తుంది.

టీవీ లేదా ప్యానెల్ ఉంటే: అన్నీ పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోండి. క్లాసులో నెట్ మీద ఆధారపడొద్దు. సరిగ్గా పాఠం మధ్యలో సిగ్నల్ పోతుంది, లేదంటే ప్రకటన వస్తుంది. వీడియో ఎంపీ4 రూపంలో ఉంటే దాదాపు అన్ని టీవీల్లోనూ ఆడుతుంది. అయినా మీ బడి టీవీలోనే ముందు రోజు ఒకసారి వేసి చూడండి.

ఫోన్, చిన్న బ్లూటూత్ స్పీకర్ మాత్రమే ఉంటే: బొమ్మలను ఎ-4 కాగితం మీద రంగుల్లో ప్రింట్ తీయించండి. ఫోన్‌ను ధ్వనికి మాత్రమే వాడండి. ముప్పై మందికి ఫోన్ తెర చూపించబోతే ముందు వరుసకు తప్ప ఎవరికీ కనపడదు, తోపులాట మొదలవుతుంది.

స్పీకర్ గురించి ఒక మాట. చాలా టీవీలకు స్పీకర్లు వెనకో కిందో ఉంటాయి. శబ్దం గోడకు తగిలి మొద్దుబారుతుంది. ఫ్యాన్ తిరుగుతుంటే మాట చివరి హల్లు చివరి వరుసకు చేరదు. ఆ వరుసలో మీరే కూర్చుని ఫ్యాన్ వేసి 'కట్', 'కప్' అనే రెండు మాటలు వినండి. తేడా తెలియకపోతే విడి స్పీకర్ తెచ్చి గది మధ్యలో పెట్టండి. తెర ఎంత పెద్దదైనా ఈ లోటు తీర్చలేదు.

## 2. మాటలు ఎంచుకోండి: ఆరు చాలు

ఒక పాఠానికి ఐదు, లేదా ఆరు కొత్త మాటలు. అంతకు మించొద్దు. ఇంటర్నెట్‌లో దొరికే "ఇరవై కూరగాయల పేర్లు", "యాభై జంతువులు" లాంటి వీడియోలు పిల్లల్ని కూర్చోబెడతాయి గానీ ఒక్క మాటా నిలవనివ్వవు.

ఎంచుకునేటప్పుడు ఈ మూడూ చూడండి.

- ఆ మాట పాఠ్యపుస్తకంలో ఈ నెల పాఠంలో ఉందా?
- ఆ వస్తువో పనో పిల్లల రోజువారీ బతుకులో కనపడుతుందా?
- ఆరు మాటలూ కలిసి ఒక సన్నివేశంలో ఇముడుతాయా?

మూడోది చాలామంది వదిలేస్తారు. యాపిల్, బాల్, క్యాట్ అని అక్షరమాల వరుసలో నేర్పితే ఆ మాటల మధ్య సంబంధం ఉండదు. కడగడం, తొక్క తీయడం, కోయడం, పోయడం, కలపడం, వడ్డించడం అయితే ఒకటి అనగానే తర్వాతది గుర్తొస్తుంది. పైగా మధ్యాహ్న భోజనం వంటగదిలో ఇవన్నీ రోజూ జరుగుతాయి.

పుస్తకంలో క్యూఆర్ కోడ్ ఉంటే ప్రభుత్వ పాఠాల యాప్ దీక్షాతో స్కాన్ చేసి ఆ పాఠానికి ఏముందో చూడండి. పనికొచ్చేది ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. అందులోంచి మొత్తం వేయక్కర్లేదు, మీ ఆరు మాటలకు సంబంధించిన ముక్క చాలు.

పదానికి ఏ ఇంగ్లీష్ వాడాలన్నది కూడా ఇప్పుడే తేల్చుకోండి. వంకాయకు పుస్తకంలో 'బ్రింజాల్' అని ఉంటుంది, అమెరికా వీడియోలో 'ఎగ్‌ప్లాంట్' అంటారు. బెండకాయ పుస్తకంలో 'లేడీస్ ఫింగర్', వీడియోలో 'ఓక్రా'. రెండూ సరైనవే గానీ రెండో తరగతి పిల్లలకు ఒకేసారి రెండూ వద్దు. పుస్తకంలో మాటకే కట్టుబడి, ఆ వీడియోను శబ్దం ఆపేసి మీ గొంతుతో వాడండి.

## 3. ఏ మాటకు ఏ సాధనం

అన్నింటికీ వీడియో వెతకడం వృథా శ్రమ. మాట స్వభావాన్ని బట్టి సాధనం మారుతుంది.

గదిలోనే దొరికే వస్తువు (పలక, గ్లాసు, ఉల్లిపాయ): వస్తువే తెచ్చి చేతికివ్వండి. చేతిలో ఉల్లిపాయ ఉండగా తెర మీద ఉల్లిపాయ చూపించడంలో అర్థం లేదు. ఇక్కడ ఫోన్ పని ఉచ్చారణ వినిపించడం వరకే.

చూడని వస్తువు (ఓడ, మంచు, ఒంటె): నిజమైన ఫొటో, వీలైతే చిన్న వీడియో. కార్టూన్ బొమ్మ వద్దు. గోడ మీద కార్టూన్ తిమింగలం చూసిన పిల్లలు దాన్ని పెద్ద చేప అనుకుని వదిలేస్తారు. పక్కన పడవ ఉన్న ఫొటో చూపిస్తే దాని పరిమాణం తెలుస్తుంది.

పని (కడగడం, పోయడం, ఎక్కడం): ఏడెనిమిది సెకన్ల వీడియో. వీడియోకు అసలైన చోటు ఇదే. పోయడం అనేది ఒక్క ఫొటోలో తెలియదు. చెంబు చూపిస్తున్నారో, నీళ్లు చూపిస్తున్నారో పిల్లలకు అర్థం కాదు.

గుణం (నిండు, ఖాళీ, బరువు): పక్కపక్కనే రెండు ఫొటోలు. ఒక్క ఫొటోతో గుణం చెప్పలేం.

చోటు చెప్పే మాటలు (లోపల, కింద, పక్కన): తెర అక్కర్లేదు. బల్ల, పుస్తకం, ఒక పిల్లవాడు ఉంటే చాలు.

శబ్దం చేసేవి (వాన, రైలు, గంట): ముందు శబ్దం ఒక్కటే వినిపించండి. పిల్లలు తెలుగులో ఊహించాక బొమ్మ చూపండి. ఆ ఊహించే క్షణంలోనే వాళ్ల శ్రద్ధ మాట మీదకు తిరుగుతుంది.

## 4. ఫొటోలు, వీడియోలు తయారు చేసుకోండి

మీ ఫోన్‌తో మీరు తీసినవే మేలైనవి. ఊళ్లో వంకాయ, బడిలో గరిటె, వంటగదిలో గిన్నె తెర మీద కనపడితే "అది మనదే టీచర్" అంటారు. అక్కణ్నుంచి మాట నేర్పడం సులువు.

మన ఆరు మాటలకు వంట చేసే అమ్మ అనుమతి అడిగి, ముఖం రాకుండా చేతులు మాత్రం తీయండి. టమాటా కడుగుతున్న చేతులు, బంగాళాదుంప తొక్క ఊడి వస్తున్న దృశ్యం, కత్తిపీట మీద వంకాయ రెండు చెక్కలవడం, చెంబులోంచి గిన్నెలోకి నీళ్లు, గరిటె గుండ్రంగా తిరగడం, పళ్లెంలో అన్నం పడటం. ఒక్కొక్కటి ఏడెనిమిది సెకన్లు.

తీసేటప్పుడు ఇవి గుర్తుంచుకోండి.

- ఫోన్ అడ్డంగా పట్టుకోండి. నిలువుగా తీస్తే టీవీలో రెండు వైపులా నల్లటి ఖాళీ వచ్చి బొమ్మ చిన్నదవుతుంది.
- వెలుతురు మీ వెనక నుంచి రావాలి. కిటికీకి ఎదురుగా తీస్తే చేతులు నల్లగా పడతాయి.
- ఒక వీడియోలో ఒకే పని. కోసి, వెంటనే గిన్నెలో వేస్తే 'కట్' ఎక్కడ ముగిసిందో పిల్లలకు తెలియదు.
- వెనక ఏమీ లేని చోటు చూసుకోండి. పక్కన పిల్లి కనపడితే క్లాసంతా పిల్లినే చూస్తుంది.

బయటి ఫొటోలు కావాలంటే వికీమీడియా కామన్స్‌లో వెతకండి. కథల బొమ్మలకు ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్ ఉంది. అక్కడ తెలుగు, ఇంగ్లీష్ కథలు ఓపెన్ లైసెన్స్‌తో దొరుకుతాయి, డౌన్‌లోడ్ చేసుకుని వాడుకోవచ్చు. తీసిన వారి పేరు చివరి స్లైడ్‌లో రాయడం మరవొద్దు.

## 5. గొంతు రికార్డు చేయండి

ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సింది ఇక్కడే. అందరూ బొమ్మల మీద గంటలు గడిపి, ధ్వనిని ఇంటర్నెట్‌కు వదిలేస్తారు. పిల్లల చెవిలో పడేది ఆ ధ్వనే, వాళ్ల నోట్లోంచి వచ్చేదీ అదే.

మీ గొంతే వాడొచ్చు. ఉచ్చారణ మీద అనుమానం ఉంటే నిఘంటువు యాప్‌లో ప్రతి మాటా విని, మీరు పలికి, రెండూ పోల్చి చూసుకుని రికార్డు చేయండి. విదేశీ గొంతు వేగంగా వస్తే పిల్లలు సగం మాటే పట్టుకుంటారు. తెలిసిన గొంతు, నిదానమైన పలుకు, స్పష్టమైన చివరి హల్లు ఉంటే చాలు.

1. ఫ్యాన్ ఆపేయండి, కిటికీలు మూయండి. ఖాళీ క్లాసు గదిలో ప్రతిధ్వని వస్తుంది. ఇంట్లో దుప్పట్లు, బట్టలు ఉన్న చిన్న గది మంచిది.
2. ఫోన్‌ను నోటికి జానెడు దూరంలో, కొద్దిగా పక్కకు పెట్టండి. సూటిగా పెడితే 'ప' వచ్చిన ప్రతిసారీ ఊపిరి తగిలి ఠప్పుమంటుంది.
3. మాటను మూడుసార్లు పలకండి. ప్రతిసారీ మధ్యలో మూడు సెకన్లు మౌనం. పిల్లలు పలకడానికి ఆ ఖాళీ కావాలి.
4. తర్వాత ఒక చిన్న వాక్యం: "వాష్ ద టమాటో." మళ్లీ మౌనం.
5. ఒక్కో మాట ఒక్కో ఫైలుగా దాచండి. ఆరింటినీ ఒకే ఫైలులో పెడితే క్లాసులో నాలుగో మాట వెతకడానికి తిప్పలు పడతారు.
6. వెనక సంగీతం వద్దు. ఎంత సన్నగా ఉన్నా అది చివరి హల్లును మింగేస్తుంది.

## 6. స్లైడ్ కట్టే పద్ధతి

పవర్‌పాయింట్ చాలు. మాటకు రెండు స్లైడ్‌లు చేయండి. మొదటిదాంట్లో ఫొటో లేదా వీడియో, ధ్వని మాత్రమే. అక్షరాలు వద్దు. రెండోదాంట్లో అదే బొమ్మ, కింద మాట ఇంగ్లీష్ అక్షరాల్లో.

ముందే అక్షరాలు పెడితే, చదవడం వచ్చిన నలుగురు అక్షరాలను చూసి తమకు తోచినట్టు పలికేస్తారు. మిగతా వాళ్లు వాళ్లను అనుకరిస్తారు. మీ ధ్వనిని ఎవరూ వినరు. చెవి ముందు, కన్ను తర్వాత.

మల్టీమీడియా బోధన మీద పరిశోధన చేసిన రిచర్డ్ మేయర్ సూత్రాల్లో రెండు మనకు బాగా పనికొస్తాయి: బొమ్మ, దాని మాట ఒకే సమయంలో రావాలి, విషయానికి సంబంధం లేని హంగులు తీసేయాలి. అంటే ఎగిరే అక్షరాలు, చప్పట్ల శబ్దం, మూలన నాట్యం చేసే ఎలుగుబంటి, ఇవేవీ వద్దు. తెల్లటి స్లైడ్, పెద్ద బొమ్మ. అంతే.

అక్షరాలు స్మాల్ లెటర్స్‌లో ఉండాలి, అన్నీ క్యాపిటల్ లెటర్స్‌లో వద్దు. చదవడం మొదలుపెట్టిన వారి కోసం తయారైన 'ఆండికా' అనే ఉచిత ఫాంట్ బాగుంటుంది. ఎంత పెద్దగా ఉండాలో తేల్చడానికి చివరి వరుసలో కూర్చుని చదివి చూడండి.

టీవీలో పవర్‌పాయింట్ తెరుచుకోకపోతే ఫైల్ మెనూలో ఎక్స్‌పోర్ట్‌కు వెళ్లి వీడియోగా మార్చండి. మామూలుగా అది స్లైడ్‌కు 5 సెకన్లే ఇస్తుంది, మీరు దాన్ని 15కు పెంచండి. క్లాసులో రిమోట్‌తో ఆపుకుంటూ నడపండి.

## 7. క్లాసు నడిపే వరుస

ఈ వరుస మార్చొద్దు. వినడం, చేయడం, పలకడం, చదవడం, రాయడం.

మొదటి 4 నిమిషాలు, తెర ఆఫ్. నిన్నటి, మొన్నటి మాటలు నాలుగు. చేత్తో చేసి చూపండి, పిల్లలు పలకాలి.

తర్వాతి 6 నిమిషాలు, తెర ఆన్. మొదటి మూడు వీడియోలు, ధ్వనితో. పిల్లలు ఇప్పుడు పలకరు. వినాలి, చూడాలి. "టీచర్, నేను చెప్తా" అని లేస్తారు. చిరునవ్వుతో కూర్చోబెట్టండి. అర్థం ఏమిటో తెలుగులో వాళ్లనే చెప్పమనండి. సరిగా చెబితే ఒక్కసారి అవునని తేల్చేయండి. మొదట్లోనే మీరు తెలుగు చెప్పేస్తే ఇంగ్లీష్ మాట వినాల్సిన అవసరమే వాళ్లకుండదు. అసలు చెప్పకపోతే కొందరు తప్పు అర్థంతో ఇంటికి వెళతారు.

7 నిమిషాలు, తెర నల్లగా. పవర్‌పాయింట్ నడుస్తుండగా కీబోర్డు మీద 'బి' నొక్కితే తెర నల్లబడుతుంది, మళ్లీ నొక్కితే వెలుగుతుంది. ఈ చిన్న మీట క్లాసు మొత్తాన్ని మీ వైపు తిప్పుతుంది. మీరు 'వాష్' అనండి, పిల్లలు ఉత్తి చేతులతో కడగాలి. 'పీల్' అంటే తొక్క తీయాలి. వేగం పెంచండి, వరుస తారుమారు చేయండి. ఇంకా ఎవరూ మాట పలకక్కర్లేదు. పలకలేని పిల్లవాడికి అర్థమైందో లేదో వాడి చేతులే చెబుతాయి.

5 నిమిషాలు, తెర ఆన్. మిగతా మూడు మాటలు అదే పద్ధతిలో.

8 నిమిషాలు, పలకడం. ముందు అందరూ, తర్వాత వరుసలు, తర్వాత ఇద్దరిద్దరు, చివరికి ఒక్కొక్కరు. ఇక్కడే నిజమైన ఇంగ్లీష్ మొదలవుతుంది: ఒక పిల్ల "కట్ ద బ్రింజాల్" అంటుంది, పక్కనున్న పిల్లవాడు కోసినట్టు చేస్తాడు. తర్వాత మార్చుకుంటారు. టీచర్ గదిలో తిరుగుతూ వింటారు. గోల అవుతుంది. కానివ్వండి.

5 నిమిషాలు, అక్షరాలు. రెండో రకం స్లైడ్‌లు ఇప్పుడు. మాట కింద వేలు జరుపుతూ ధ్వని వినిపించండి. రెండు మాటలు పలక మీద రాయిస్తే చాలు, ఆరూ వద్దు.

చివరి 5 నిమిషాలు, గుమ్మం దగ్గర. ప్రతి పిల్లకూ ఒక పని చేసి చూపండి, మాట చెప్పి బయటకు వెళ్లాలి. రాని వాళ్లకు మీరు చెప్పి, వాళ్ల చేత అనిపించి పంపండి. అడ్డగించి నిలబెట్టొద్దు.

ఒకే టీచర్ ఉండి రెండు తరగతులు చూసుకోవాల్సిన బడిలో, 3వ తరగతి అక్షరాల పని చేస్తుండగా 2వ తరగతికి చేతల భాగం నడపండి. వినడం, చేయడం రెండు తరగతులకూ కలిపే చేయొచ్చు. పెద్ద పిల్లలకు వాక్యం పొడవు పెంచితే సరిపోతుంది: "వాష్ ద టమాటో అండ్ కట్ ఇట్."

## 8. నోరు తిరగని చోట

రికార్డింగ్ ఎంత బాగున్నా కొన్ని ధ్వనులు తెలుగు నోటికి ఇబ్బందే. మళ్లీ మళ్లీ వినిపిస్తే పోవు. చిన్న ఉపాయాలు కావాలి.

చివర అచ్చు చేరడం (వాషు, కట్టు, బుక్కు). తెలుగు మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి కనుక ఇది సహజం. తప్పని చెప్పి ఆపకండి. మాట వెనకే 'ఇట్' చేర్చి గబగబా అనిపించండి: వాషిట్, కటిట్, పీలిట్, పోరిట్. హల్లు వచ్చి తర్వాతి అచ్చుతో కలిసిపోతుంది, తోక దానంతటదే రాలిపోతుంది. రెండు రోజులయ్యాక 'ఇట్' తీసేయండి. 'ఇట్' కూడా 'ఇట్టు' అవుతుంటే ఆ మాట దగ్గర పిడికిలి బిగించే సైగ నేర్పండి. పిడికిలి మూసుకోగానే నోరూ ఆగాలి.

ముందు 'య' చేరడం (యెగ్గు). ముందు 'అన్' (an) పెట్టి 'అనెగ్' అని ఒకే ఊపిరిలో అనిపించండి. నకారం అచ్చుతో కలిస్తే యకారానికి చోటుండదు.

ముందు 'ఇ' చేరడం (ఇస్టర్, ఇస్కూలు). పాము బుస కొట్టినట్టు 'స్స్స్' అని సాగదీసి, తర్వాత 'టర్' అనిపించండి. వారంలో సాగదీత తగ్గించండి.

జూ, జీబ్రాల మొదటి ధ్వని తెలుగు 'జ' అయిపోవడం. 'స్స్స్' అంటూ గొంతు మీద చెయ్యి పెట్టమనండి, కదలిక ఉండదు. అదే ధ్వనికి గొంతు కలిపితే చేతికి వణుకు తెలుస్తుంది. అదే కావలసిన ధ్వని. పిల్లలకు ఇది ఆటలా ఉంటుంది.

'వ' ధ్వనుల్లో ఇంగ్లీష్‌కు ఉన్న రెండు రకాల తేడాను మాత్రం 2వ తరగతిలో పట్టించుకోవద్దంటాను. దాని మీద పెట్టే సమయంలో పది వాక్యాలు మాట్లాడించొచ్చు.

## 9. మర్నాడు, మూడో రోజు, వారానికి

ఒక్క పాఠంతో మాట నిలవదు. మళ్లీ పలకరించాలి, అదీ మరిచిపోబోయే సమయానికి.

- మర్నాడు: బొమ్మలు మాత్రం, ధ్వని లేకుండా. పిల్లలే పలకాలి. మూడు నిమిషాలు.
- మూడో రోజు: ధ్వని మాత్రం, బొమ్మ లేకుండా. పిల్లలు చేసి చూపాలి.
- వారం తర్వాత: పాత మాటలతో కలిపి పది స్లైడ్‌లు, వరుస మార్చి.
- రెండు వారాల తర్వాత: కొత్త సన్నివేశంలో. 'పోర్' అనే మాటను మొక్కలకు నీళ్లు పోస్తున్న వీడియోతో అడగండి. వంటింటి వీడియోకే అలవాటు పడిన పిల్లలు ఇక్కడ తడబడతారు. ఆ తడబాటు తీరితేనే మాట వాళ్ల సొంతమైనట్టు.

మూడో వారంలో పిల్లల గొంతులతోనే మళ్లీ రికార్డు చేయండి. ఆరుగురు పిల్లలు, ఆరు మాటలు. మీ ధ్వని తీసి వాళ్లది పెట్టండి. తమ గొంతు స్పీకర్‌లో వినపడితే ఎంత జాగ్రత్తగా పలుకుతారో చూడండి. తక్కువ మాట్లాడే పిల్లలకు ముందు అవకాశం ఇవ్వండి.

ఈ రికార్డింగులు బడి దాటనివ్వొద్దు. ముఖాలు తీయొద్దు, వాట్సాప్ స్టేటస్‌లో పెట్టొద్దు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 18 ఏళ్లలోపు అందరినీ పిల్లలుగానే లెక్కిస్తుంది. తల్లిదండ్రుల దగ్గర ముందే రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి.

## 10. ఇంటికి ఏం పంపాలి

వీడియో కాదు, వాయిస్ మెసేజ్. నిమిషం లోపు. కూలి పనికి వెళ్లిన తల్లిదండ్రులు ఇంటికి చేరాకే ఫోన్ పిల్లల చేతికొస్తుంది, డేటా కూడా అప్పటికి కొంచెమే మిగిలి ఉంటుంది.

అందులో ముందు తెలుగులో ఒక మాట చెప్పండి: "అమ్మా, పాప ఈరోజు ఆరు మాటలు నేర్చుకుంది. వంట చేసేటప్పుడు ఒక్కొక్క పనీ చూపిస్తూ దీన్నేమంటారని అడగండి." తర్వాత మీ ఆరు మాటలు, మధ్యలో మౌనంతో. ఇంగ్లీష్ రాని తల్లి కూడా ఈ పని చేయగలదు. ఆవిడ అడుగుతుంది, పాప చెబుతుంది. ఫోన్ లేని ఇళ్ల పిల్లలకు చిన్న బొమ్మల కాగితం ఇవ్వండి.

## 11. తరచూ వచ్చే ఇబ్బందులు

పాట మొత్తం పాడతారు, మాట అడిగితే తెలియదు. పాటలో మాటలు ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి. పాటను మధ్యలో ఆపి, ఆగిన చోట మాటకు సైగ చేయమనండి. సైగ రాని మాటను విడిగా నేర్పండి.

అందరూ కలిసి బాగా చెబుతారు, ఒక్కరిని లేపితే మౌనం. బృందగానంలో సగం మంది పెదవులు కదుపుతారంతే. ఇద్దరిద్దరి పనికి సమయం పెంచండి.

ప్యానెల్ ముట్టుకోవడానికి ఎప్పుడూ అదే నలుగురు. పేర్లు చీటీల మీద రాసి డబ్బాలో వేసి తీయండి.

వేగంగా నొక్కే క్విజ్ ఆటల్లో మార్కులు వస్తున్నాయి, మాట రావడం లేదు. నాలుగు బొమ్మల్లో ఒకటి గుర్తుపట్టడం వేరు, మాట గుర్తు తెచ్చుకుని పలకడం వేరు. క్విజ్‌ను పునశ్చరణకు ఉంచండి, నేర్పడానికి వద్దు.

బోర్డు మీద ఇంగ్లీష్ మాట పక్కన తెలుగు అక్షరాల్లో ఉచ్చారణ రాయడం. పిల్లలు తెలుగు అక్షరాలే చదువుతారు. చెవితో నేర్పిన చివరి హల్లు మళ్లీ 'వాషు' అయిపోతుంది. ఆపేయండి.

కరెంటు పోయింది. ఎ-4 బొమ్మలు, మీ గొంతు. అందుకే టీవీ ఉన్న బడిలో కూడా ఒక సెట్టు ప్రింట్ తీసి బీరువాలో ఉంచాలి.

## 12. వచ్చిందో లేదో ఎలా తెలుసుకోవాలి

పరీక్ష పెట్టొద్దు. రోజుకు ఐదుగురు చొప్పున గమనించండి. నోట్‌బుక్‌లో పేరు ఎదురుగా మూడు గళ్లు గీయండి.

- విని చేశారా?
- చూసి పలికారా?
- వాక్యంలో వాడారా?

వారం చివర లెక్క చూడండి. ప్రతి ఐదుగురిలో నలుగురికి రెండో గడి నిండితే కొత్త మాటలకు వెళ్లండి. మొదటి గడే నిండకపోతే వీడియోలో పని స్పష్టంగా లేదని అర్థం, మళ్లీ తీయండి. మొదటిది నిండి రెండోది ఆగిపోతే తెర ఎక్కువైంది, మాట్లాడించడం తక్కువైంది. మూడోది నెమ్మదిగా వస్తుంది, కంగారు పడొద్దు.

## 13. చూసుకోవాల్సిన జాబితా

ముందు రోజు
- ఆరు మాటలు, ఆరు వాక్యాలు కాగితం మీద
- వీడియోలు, ధ్వని ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లో, ఫోన్‌లో రెండు చోట్లా
- బడి టీవీలో వేసి చూడటం
- ఫోన్, స్పీకర్ చార్జింగ్
- ప్రింట్ బొమ్మల సెట్టు

క్లాసుకు ముందు
- చివరి వరుస నుంచి ధ్వని పరీక్ష, ఫ్యాన్ వేసి
- ఎండ పడి తెర మెరుస్తుంటే కిటికీకి గుడ్డ
- ఫోన్ ఫ్లైట్ మోడ్‌లో, తర్వాత బ్లూటూత్ ఆన్. పాఠం మధ్యలో కాల్ రాకూడదు

క్లాసు అయ్యాక
- ఐదుగురి గళ్లు నింపడం
- పిల్లలు తడబడిన మాట మీద గుర్తు
- మర్నాటి మూడు నిమిషాల స్లైడ్‌లు విడిగా
- ఫోల్డర్ పేరు తరగతి, నెల, సన్నివేశం వరుసలో. "3-జులై-వంటగది" అని ఉంటే వచ్చే ఏడాది మీకు, పక్క బడి టీచర్‌కు కూడా వెతకకుండా దొరుకుతుంది